ఆర్ఎక్స్ 100 ట్యాంకు లోపల తుప్పు: పైన పెయింటు చెడకుండా ఎలా తీయాలి?

కాకినాడ_98సీసీ

నమస్తే అందరికీ. బండి 1993 యమహా ఆర్ఎక్స్ 100 బైకు. ట్యాంకు కంపెనీదే, పైన పెయింటు, స్టిక్కర్లు కూడా కంపెనీవే. మూడేళ్లుగా స్టాండు మీదే ఉంది. ఆపేటప్పుడు ట్యాంకులో పావు వంతు పెట్రోల్ ఉంది. ఇప్పుడు మూత తీసి టార్చి కొడితే పైభాగమంతా ఎర్రగా పొక్కులు, అడుగున ఇటుకపొడి లాంటి బురద. వంపిన పెట్రోల్ టీ డికాక్షన్ రంగులో ఉంది, వార్నిష్ వాసన కొడుతోంది. కార్బొరేటర్ విప్పితే అడుగున పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నెలో కూడా అదే ఎర్రపొడి.

నాలుగు సందేహాలు. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), వెనిగర్, బాత్రూమ్ యాసిడ్, వీటిలో ఏది వాడాలి? నట్లూ బోల్టులూ వేసి ఊపడం మంచిదేనా? తుప్పు తీశాక లోపల పూత పోయించాలా? ఇవేవీ చేయకుండా పైపు మధ్యలో మంచి ఫిల్టరు పెట్టి నడిపేయొచ్చా?

పెయింటు మాత్రం పోకూడదు. మళ్లీ ఆ రంగు కలిపి కొట్టినా కంపెనీ పెయింటులా రాదు.

పాత_స్పానర్

తమ్ముడూ, ముందు నీ చివరి ప్రశ్నకే జవాబు చెప్తాను, పెద్ద ఖర్చు అక్కడే ఉంది కాబట్టి. ఫిల్టరు పెట్టి నడపొద్దు. తుప్పులో పెద్ద పెచ్చుల్ని ఫిల్టరు ఆపుతుంది కానీ పిండిలా ఉండే పొడి దాంట్లోంచి దూరిపోతుంది. ఆగిన పెచ్చులు రెండు మూడు వందల కిలోమీటర్లలో ఫిల్టరునే మూసేస్తాయి. అప్పుడు ఇంజిన్‌కి పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అవుతుంది. ఫోర్ స్ట్రోక్ అయితే దగ్గుతూ ఆగిపోతుంది. నీది టూ స్ట్రోక్. ఆయిల్ పంపు తన పని తాను చేస్తున్నా, కార్బొరేటర్లో పెట్రోల్ వచ్చే రంధ్రం, అదే మెయిన్ జెట్, సగం మూసుకుని ఫుల్ యాక్సిలేటర్ మీద వెళ్తుంటే పిస్టన్ వేడెక్కి బోరుకి (సిలిండర్ లోపలి గోడకి) పట్టేస్తుంది. ట్యాంకు కడగడానికి పెద్దగా ఖర్చుండదు, బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించాలంటే అలా కాదు.

ఇక పని. సీటు తీసి, ట్యాంకు వెనక బోల్టు విప్పి, వెనక్కి లాగితే ముందున్న రబ్బర్ల నుంచి ఊడొస్తుంది. పెట్రోల్ ట్యాప్ విప్పేయి. మూత కూడా పూర్తిగా తీసి పక్కన పెట్టు. ఈ రెండూ యాసిడ్‌లో తడవకూడదు. ట్యాప్ బాడీ పోత లోహం, యాసిడ్ దాన్ని ఇనుము కంటే ముందు తింటుంది. ట్యాప్ కూర్చునే చోటుకి రెండు మూడు మిల్లీమీటర్ల మందం అల్యూమినియం రేకు ముక్క కోసి, రెండు రంధ్రాలు పెట్టి, ట్యాంకుకీ రేకుకీ మధ్య సైకిల్ ట్యూబ్ ముక్క వేసి అవే స్క్రూలతో బిగించు. నీళ్లు పోసి గంటసేపు ఉంచి కారడం లేదని చూసుకున్నాకే ముందుకెళ్లు. యాసిడ్ పోశాక కారితే మొదట పోయేది కింది పెయింటే.

పెయింటు గురించి అడిగావు కదా. మూత చుట్టూ అరచేయి వెడల్పున వాజలిన్ మందంగా రాయి. దాని మీద పాలిథీన్ కవరు చుట్టి, టేపు అంచు వాజలిన్ లేని చోట అతికించు. మిగతా ట్యాంకుకి మైనం పాలిష్ ఒక కోటు. పక్కన మగ్గుతో వంట సోడా కలిపిన నీళ్లు పెట్టుకో, చుక్క పడితే వెంటనే కడిగేయొచ్చు. స్టిక్కర్ల మీద టేపు మాత్రం వేయకు, తీసేటప్పుడు స్టిక్కరు కూడా వచ్చేస్తుంది.

తుప్పు కంటే ముందు జిడ్డు తీయాలి. చాలామంది ఇది వదిలేసి, రెండ్రోజులు నానబెట్టినా పోలేదంటారు. పాత పెట్రోల్ ఎండి తుప్పు మీద లక్కలా పూత కట్టి ఉంటుంది. దాని కిందికి యాసిడ్ వెళ్లదు. ముందు అర లీటరు అసిటోన్ గానీ థిన్నర్ గానీ పోసి, అన్ని వైపులా తిప్పి, ఒక పూట ఉంచి వంపెయ్యి. ఆరుబయట చెయ్యి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. తర్వాత వేడి నీళ్లలో గుప్పెడు బట్టల సబ్బు పొడి, 100 గ్రాముల వాషింగ్ సోడా కలిపి నింపి, గంట తర్వాత వంపెయ్యి. నీళ్లు లోపలి గోడ మీద చుక్కలుగా నిలవకుండా పలచగా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు.

పెచ్చులు ఊడాలంటే ఊపాలి. నట్లూ బోల్టులూ వేయకు. ఆర్ఎక్స్ ట్యాంకు కింద ఛాసిస్ పైపు దూరడానికి మధ్యలో గాడి ఉంటుంది. ఆ గాడికీ పక్క గోడకీ మధ్య సందులో బోల్టు ఇరుక్కుంటే బయటికి రాదు. సన్నటి ఇనుప గొలుసు మీటరు ముక్క చాలు. చివర బైండింగ్ వైరు కట్టి, వైరు కొసని మూత దగ్గర బయటికి ఉంచు, అయిపోయాక పట్టి లాగొచ్చు. లీటరు సబ్బు నీళ్లు పోసి, ట్యాంకుని పాత దుప్పట్లో చుట్టి, ఒక్కో పక్కకి ఐదు నిమిషాల చొప్పున ఊపు. వంపిన నీళ్లు ఎర్రటి బురదలా వస్తాయి. నీళ్ల రంగు తగ్గేదాకా ఇదే.

అప్పుడు నిమ్మ ఉప్పు. కిరాణా హోల్‌సేల్ కొట్లలో కిలో ప్యాకెట్లు దొరుకుతాయి. లీటరుకి 50 గ్రాములు. నీ ట్యాంకు అంచుదాకా నిండాలంటే పదకొండు లీటర్లు కలుపుకో, అంటే 550 గ్రాములు. చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లు, 60 డిగ్రీల దగ్గర ఉంటే చాలు, మరిగేవి వద్దు. గొంతుదాకా నింపు. సగం పోసి వదిలేస్తే పైభాగంలో తుప్పు అలాగే ఉంటుంది, పైగా నీటి మట్టం దగ్గర గీతలా కొరుకుతుంది. మూత బిగించకు, లోపల గ్యాస్ పుడుతుంది. గొంతు మీద గుడ్డ కప్పితే చాలు. గోనెసంచుల్లో చుట్టి పెడితే వేడి నిలుస్తుంది. ఎనిమిది గంటలకి ఒకసారి టార్చి కొట్టి చూడు. ఇంకా ఎరుపు ఉంటే ఆ నీళ్లు పారబోసి మళ్లీ కొత్తగా కలిపి పొయ్యి. పాతదాన్నే మూడు రోజులు ఉంచడం కంటే కొత్తది ఆరు గంటలు ఉంచడం మేలు.

రసాయనాల_పెట్టె

పాత_స్పానర్ గారు చెప్పిన క్రమం సరైనది. ఎందుకో కూడా తెలిస్తే ఎక్కడ ఆపాలో అర్థమవుతుంది కాబట్టి కొంచెం కలుపుతున్నాను.

బాత్రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్. తుప్పుని పావుగంటలో తీసేస్తుంది, అందుకే షెడ్లలో అదే పోస్తారు. కానీ తుప్పు అయిపోయాక ఆగదు, కింద ఉన్న రేకుని తింటూ పోతుంది. ముప్పై ఏళ్ల ట్యాంకులో అడుగు రేకు ఇప్పటికే గుంటలు పడి ఉంటుంది, ఆ గుంటలే చిల్లులవుతాయి. రెండోది, క్లోరైడ్ అతుకుల సందుల్లో ఉండిపోతుంది. ఎంత కడిగినా కొంత మిగిలి, గాలిలో చెమ్మ తగలగానే మళ్లీ తుప్పు లేపుతుంది. సముద్రం పక్క ఊళ్లో ఇనుము ఎందుకు నిలవదో దీనికీ అదే కారణం. మీది కాకినాడ కాబట్టి ఇంకా వద్దు.

వెనిగర్ పనిచేస్తుంది. కానీ కొట్లో దొరికేదాంట్లో ఎసిటిక్ యాసిడ్ నాలుగైదు శాతమే. ఒకటి రెండు రోజులు పడుతుంది, పదకొండు లీటర్లు కొనాలి, దాని ఆవిరి తగిలి పక్కనున్న ఇనుప సామాను కూడా తుప్పు పడుతుంది. నిమ్మ ఉప్పు అన్ని విధాలా చవక. యాసిడ్‌గా పనిచేయడమే కాకుండా, కరిగిన ఇనుముని పట్టి నీళ్లలోనే ఉంచుతుంది.

రేకు పలచబడిందని అనుమానం ఉంటే ఇంకా నెమ్మదైన మిశ్రమం ఉంది. లీటరు నీళ్లకి 100 గ్రాముల నిమ్మ ఉప్పు, అది కరిగాక 40 గ్రాముల వాషింగ్ సోడా, నాలుగు చుక్కల గిన్నెలు కడిగే లిక్విడ్. సోడా వేయగానే బాగా పొంగుతుంది, కాబట్టి సగం ఖాళీ ఉన్న పెద్ద బకెట్లో కొంచెం కొంచెంగా వేయాలి. పొంగు పూర్తిగా ఆగాకే ట్యాంకులో పోయాలి. ఆ సోడాతో పులుపు సగం చస్తుంది, రేకుని కొరకడం బాగా తగ్గుతుంది, తుప్పుని పట్టుకునే గుణం మాత్రం ఉంటుంది. టైము ఎక్కువ, 24 గంటలు అనుకోండి. వాషింగ్ సోడా వేరు, వంట సోడా వేరు. ఈ కొలత వాషింగ్ సోడాకే.

ఫాస్ఫారిక్ యాసిడ్ కూడా మంచిదే. 85 శాతం సీసా ఒక లీటరుని తొమ్మిది లీటర్ల నీళ్లలో కలిపితే దాదాపు 13 శాతం అవుతుంది, అది సరిపోతుంది. ఎప్పుడూ నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. దీంతో లోహం మీద పలచటి బూడిదరంగు ఫాస్ఫేట్ పొర మిగిలి, కొన్నాళ్లు తుప్పుని ఆపుతుంది. పెయింటు మీద పడితే మాత్రం నిమ్మ ఉప్పు కంటే వేగంగా పాడుచేస్తుంది.

ఒక జాగ్రత్త. కొన్ని బండ్ల ట్యాంకులకి లోపల జింక్ పూత ఉంటుంది. నిమ్మ ఉప్పు నీళ్లు పోసిన మొదటి ఐదు నిమిషాల్లోనే సోడా సీసా తీసినట్టు నురగ వస్తే పోతున్నది జింక్ అని అనుమానించాలి. తుప్పు కరిగేటప్పుడు అంత బుడగలు రావు, అక్కడక్కడా సన్నగా పైకి తేలుతుంటాయి. అలాంటి ట్యాంకులో తుప్పు అడుగున మాత్రమే ఉంటే గొంతుదాకా నింపకుండా అడుగు మునిగేంత పోసి, టైము రెండు గంటలకి తగ్గించండి.

ఆపాల్సిన గుర్తు: లోపల ఎరుపు పోయి మసక బూడిదరంగు రావాలి. తళతళ మెరవాలని చూస్తే రేకు కరుగుతుంది. వేలికి నల్లగా మసి అంటితే కంగారు పడకండి, అది ఉక్కులోని కార్బన్, ఊపి కడిగితే పోతుంది.

కాకినాడ_98సీసీ

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. జిడ్డు తీయడం అయింది, గొలుసుతో ఊపడం నడుస్తోంది. రెండు కొత్త ప్రశ్నలు. గాడి పక్కన, ఎడమ వైపు అడుగున అతుకు దగ్గర పెయింటు చిన్నగా ఉబ్బింది. చిల్లు ఉందేమో ఎలా తెలుస్తుంది? ఇంట్లో పాత బ్యాటరీ ఛార్జర్ ఉంది, కరెంటుతో తుప్పు తీసే పద్ధతి నా ట్యాంకుకి పనికొస్తుందా?

తీగలవంతెన

కరెంటు పద్ధతిలో మంచి రేకు అసలు పోదు, అదే దాని గొప్ప. పలచబడ్డ ట్యాంకులకి దీన్నే చెప్తాను. కానీ ఆర్ఎక్స్ ట్యాంకు ఆకారం దీనికి కొంచెం ఇబ్బంది.

పద్ధతి ఇది. నీళ్లలో లీటరుకి 10 గ్రాముల వాషింగ్ సోడా. మూత నోట్లోంచి 8 ఎంఎం ఇనుప కడ్డీ లోపలికి దించాలి. కడ్డీ ట్యాంకుకి ఎక్కడా తగలకూడదు. కింది కొసకి రబ్బరు గొట్టం ముక్క తొడిగి, పైన చెక్క ముక్కకి రంధ్రం పెట్టి అందులో బిగించాలి. ఛార్జర్ పాజిటివ్ కడ్డీకి, నెగటివ్ ట్యాంకుకి. ఇది తారుమారైతే కడ్డీ బదులు ట్యాంకు కరిగిపోతుంది, కాబట్టి స్విచ్ వేసే ముందు రెండుసార్లు చూసుకో. ట్యాంకు వైపు క్లిప్పు బోల్టు రంధ్రం దగ్గర పెయింటు లేని చోట పట్టాలి. 12 వోల్టులు, రెండు నుంచి నాలుగు ఆంపియర్లు. కొత్త రకం ఆటోమేటిక్ ఛార్జర్లు ఎదురుగా బ్యాటరీ కనపడకపోతే కరెంటు ఇవ్వవు, నీ పాతదే మేలు.

కడ్డీ స్టెయిన్‌లెస్ స్టీల్ కాకూడదు. దాంట్లోని క్రోమియం విషపదార్థంగా మారి నీళ్లలో కలుస్తుంది. మామూలు కట్టడం కడ్డీ వాడు. ఉప్పు కూడా కలపొద్దు, క్లోరిన్ వస్తుంది. ట్యాంకులో పెట్రోల్ వాసన ఏ కొంచెం ఉన్నా మొదలుపెట్టకు. పుట్టేది హైడ్రోజన్, కాబట్టి ఆరుబయట పెట్టాలి. క్లిప్పు తీసేముందు గోడ దగ్గర స్విచ్ ఆపాలి, క్లిప్పు లాగితే వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు.

ఇబ్బంది ఎక్కడంటే, కడ్డీకి ఎదురుగా ఉన్న గోడ మీదే ఈ కరెంటు బాగా పనిచేస్తుంది. నీ ట్యాంకు గొంతు నడుమ ఉంది, దాని కింద గాడి గుట్టలా పైకి లేచి ఉంటుంది. నిలువుగా దించిన కడ్డీ ఆ గాడినే శుభ్రం చేస్తుంది, రెండు పక్కల జేబులూ అలాగే ఉండిపోతాయి. కడ్డీని చిన్నగా వంచి, ఎడమ జేబులోకి ఆరు గంటలు, కుడి జేబులోకి ఆరు గంటలు అలా మార్చాలి. మధ్యలో రెండు గంటలకోసారి కడ్డీ బయటికి తీసి దాని మీద కట్టిన బురద గీకాలి, లేకపోతే కరెంటు తగ్గిపోతుంది. ఇంత ఓపిక ఉంటేనే ఇది. లేకపోతే నిమ్మ ఉప్పు నీళ్లు సందుసందులకీ వాటంతట అవే వెళ్తాయి.

పాత_స్పానర్

ఉబ్బు గురించి. పెయింటు కింద నుంచి ఉబ్బిందంటే లోపలి నుంచి ఏదో చెమరుస్తోందేమో అని అనుమానించాలి. తుప్పు తీయకముందు నీళ్లు పోసి చూసినా తెలియకపోవచ్చు, పెచ్చే బిరడాలా పట్టుకుని ఉంటుంది. తుప్పు తీసి ఆరబెట్టాక రెండు లీటర్ల డీజిల్ పొయ్యి. సూదిమొన చిల్లులోంచి నీళ్లు రాకపోయినా డీజిల్ పాకుతుంది. బయట అడుగంతా శుభ్రంగా తుడిచి, సుద్దముక్క పొడిచేసి అద్ది, పాత పేపరు మీద రాత్రంతా ఉంచు. పొద్దున సుద్ద ఎక్కడ తడిసి నల్లబడిందో అక్కడే చిల్లు. ఆ చోట పెన్సిల్‌తో గుండ్రం గీసుకో.

సూదిమొన అంత ఉంటే ఆ చోట మాత్రం పెయింటు గీకి, టంకం పెట్టించడమే మంచి పని. బజారులో దొరికే ఎపాక్సీ ముద్ద పెట్రోల్ తగిలే చోట తాత్కాలికమే. గ్యాస్ వెల్డింగ్ పెట్టిస్తే చుట్టూ జానెడు మేర పెయింటు కాలిపోతుంది. అంతకంటే ముఖ్యమైంది, ఏ మంట పెట్టించినా ముందు ట్యాంకుని సబ్బు వేడి నీళ్లతో మూడుసార్లు కడిగి, పనిచేసేటప్పుడు చిల్లు ఉన్న చోటు తప్ప మిగతాదంతా నీళ్లతో నింపి ఉంచమని చెప్పు. ఖాళీగా కనపడే ట్యాంకులో ఉన్న పెట్రోల్ ఆవిరే పేలేది. పెట్రోల్ నిండుగా ఉన్నదానికంటే అదే ప్రమాదం. డీజిల్‌తో చూశావు కాబట్టి కడగడం ఇంకా గట్టిగా కడగాలి.

ఒక చిల్లుకి టంకం పెడుతుంటే పక్కన ఇంకొకటి తెరుచుకుని, దానికి పెడుతుంటే మూడోది తెరుచుకుంటే అక్కడ రేకు అయిపోయినట్టు. అప్పుడు అడుగు ముక్క కోసి కొత్త రేకు వేయించడమో, లోపల పూత పోయించడమో చేయాలి.

కరీంనగర్_బుల్లెట్

పూత సంగతి నేను చెప్తా. రేకు గట్టిగా ఉండి, తుప్పు పైపైనే ఉంటే పూత అస్సలు పోయించొద్దు. ఇది గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, పోసిన పూత సరిగ్గా అంటకపోతే వచ్చే బాధ తుప్పు కంటే పెద్దది. పొరలు పొరలుగా ఊడి ట్యాప్ జల్లెడకి అడ్డం పడతాయి, వాటిని తీయాలంటే పెయింట్ రిమూవర్ పోసి రోజులు రోజులు నానబెట్టాలి.

చిల్లులు పడ్డ ట్యాంకుకైతే తప్పదు. అప్పుడు చూడాల్సినవి మూడు. డబ్బా మీద ఇథనాల్ పెట్రోల్‌కి తట్టుకుంటుందని రాసి ఉండాలి, ఎందుకంటే ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిందే. పాత రకం పూతలు కొన్ని దాంట్లో మెత్తబడి జిగురవుతాయి. రెండోది, లోపల చుక్క తడి, చుక్క నూనె ఉండొద్దు. తుప్పు ఆపడానికి నూనె తిప్పి పెట్టిన ట్యాంకులో నేరుగా పూత పోస్తే అది అంటదు, మళ్లీ జిడ్డు తీయాలి. మూడోది, పోశాక ట్యాంకుని అన్ని వైపులా నెమ్మదిగా తిప్పి, మిగిలిందాన్ని పూర్తిగా వంపేయాలి. అడుగున గుంటలా నిలిస్తే పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉంటుంది, అదే తర్వాత ఊడుతుంది. ట్యాప్ రంధ్రం, మూత గొంతు అంచు పూతతో మూసుకోకుండా చూసుకో. డబ్బా మీద ఎన్ని రోజులు ఆరాలని రాసుంటే అన్ని రోజులూ ఆరనీ, రెండో రోజే పెట్రోల్ పోయకు.

రసాయనాల_పెట్టె

అసలు ట్యాంకులు పాడయ్యేది యాసిడ్ వంపిన తర్వాతి అరగంటలో. ఎవరూ దాని గురించి రాయలేదు కాబట్టి రాస్తున్నాను. తుప్పు పోయిన ఉక్కు పచ్చి గాయం లాంటిది. తడిగా గాలి తగిలితే పదిహేను నిమిషాల్లో నారింజ రంగు పొర కడుతుంది. కాబట్టి యాసిడ్ వంపే ముందే అన్నీ పక్కన సిద్ధంగా ఉండాలి: వేడి నీళ్లు రెండు బకెట్లు, సోడా, స్పిరిట్, టూ స్ట్రోక్ ఇంజిన్లకి వాడే 2టీ ఆయిల్.

యాసిడ్ వంపగానే చన్నీళ్లతో ఒకసారి కడిగి, లీటరుకి రెండు చెంచాల వంట సోడా కలిపిన నీళ్లు నింపండి. పొంగుతుంది, మూత పెట్టకండి. పొంగు ఆగాక ఐదు నిమిషాలు ఉంచి వంపేయండి. అతుకుల్లో దాగిన యాసిడ్ చావాలంటే ఇది కావాలి. సోడా నీళ్లు తడిగా ఉన్నంతసేపు తుప్పు కూడా ఆలస్యంగా పడుతుంది.

పాత_స్పానర్

అక్కడితో ఆపితే మాత్రం సోడా ఎండి తెల్లటి పొడి అవుతుంది. అది పెట్రోల్‌లో కరగదు, నేరుగా కార్బొరేటర్లోని సన్నటి పైలట్ జెట్‌లోకి వెళ్తుంది. సోడా తర్వాత బాగా వేడి నీళ్లతో రెండుసార్లు వేగంగా కడగాల్సిందే.

రసాయనాల_పెట్టె

నిజమే, ఒప్పుకుంటున్నాను. వేడి నీళ్లతో కడగడం వల్ల ఇంకో లాభం, రేకు వేడెక్కి దానంతట అదే ఆరుతుంది. ట్యాంకు తలకిందులు చేసి రెండు నిమిషాలు వదిలి, అర లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ స్పిరిట్ గానీ పోసి అన్ని జేబుల్లోకీ తిప్పి వంపండి. సందుల్లో నీళ్లని అది లాక్కొస్తుంది. స్పిరిట్ వాడాక హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి, ఆవిరి అంటుకుంటుంది. ఎండలో నోరు కిందికి పెట్టి ఆరనివ్వండి. డ్రయ్యరే పెట్టాలనుకుంటే స్పిరిట్ మానేయండి. రెండూ కలపొద్దు.

ఆరిన వెంటనే 200 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్, 200 పెట్రోల్ కలిపి పోసి, గోడలన్నీ తడిసేలా తిప్పి వంపేయండి. మీది టూ స్ట్రోక్ కాబట్టి ట్యాంకులో మిగిలిన ఆయిల్ ఇంజిన్‌కి హాని చేయదు, మొదట్లో కాస్త పొగ ఎక్కువ వస్తుంది అంతే. పొరపాటున నారింజ రంగు పడితే కంగారు వద్దు. లీటరుకి 20 గ్రాముల నిమ్మ ఉప్పుతో పదిహేను నిమిషాలు ఉంచితే పోతుంది, తర్వాత ఇదే క్రమం ఈసారి వేగంగా.

వంపిన యాసిడ్ నీళ్లని బకెట్లో పట్టి, పొంగు ఆగేదాకా సోడా గానీ సున్నం గానీ వేసి చల్లార్చాకే వదలండి. మొక్కల మొదట్లో పోయకండి. పాత పెట్రోల్, థిన్నర్ కాలవలో పోయకూడదు.

కాకినాడ_98సీసీ

పని అయింది. నిమ్మ ఉప్పు రెండు విడతలు, మొదటిది తొమ్మిది గంటలు, రెండోది ఐదు. లోపల బూడిదరంగు వచ్చింది, సుద్ద ఎక్కడా తడవలేదు. పై పెయింటు చెక్కుచెదరలేదు. కానీ ట్యాప్ బిగించి, పైపు కొస సీసాలో పెట్టి పెట్రోల్ వదిలితే మొదటి నిమిషం బాగా వచ్చి, తర్వాత సన్నబడి దారంలా అవుతోంది. మూత తెరిస్తే మళ్లీ బాగా వస్తోంది. ఇంకా తుప్పు ఉందా?

పాత_స్పానర్

తుప్పు కాదు, మూత. మూత లోపల గాలి రంధ్రం మూసుకుపోయింది. పెట్రోల్ దిగినంత గాలి లోపలికి వెళ్లకపోతే ఇలాగే ఆగుతుంది. మూత అడుగు రేకు దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. రాత్రంతా పెట్రోల్‌లో నానబెట్టి, క్లచ్ కేబుల్లోని ఒక్క పోగుతో నెమ్మదిగా పొడిచి, గాలి కొట్టు. తాళం ఉన్న వైపు మునగనివ్వకు. ఈ ఇంజిన్ ఎంత తాగినా నిమిషానికి 100 మిల్లీలీటర్లు దాటదు, కాబట్టి మూత బిగించి ఉండగా నిమిషానికి 200 నిలకడగా వస్తే సరిపోయింది. ఆన్ మీద ఒకసారి, రిజర్వ్ మీద ఒకసారి, రెండూ కొలువు. ట్యాప్‌లో ఆన్ కోసం నిలబడి ఉండే గొట్టం పైన జల్లెడ చిరిగి ఉంటే మార్చెయ్యి.

మూత రబ్బరు వాషర్ కూడా చూడు. గట్టిపడి పగుళ్లిచ్చి ఉంటే నీ ట్యాంకులోకి నీళ్లు వచ్చిన దారి అదే. వాన నీళ్లు మూత చుట్టూ నిలిచి లోపలికి దిగుతాయి. ఇథనాల్ పెట్రోల్ కొంత నీటిని కలుపుకుని ఉంచుకుంటుంది, మోతాదు దాటగానే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకి చేరతాయి.  చిల్లు లేదని తేలింది కాబట్టి అతుకు దగ్గర ఉబ్బిన పెయింటు మాత్రం గీకి, రెడ్ ఆక్సైడ్ చుక్క పెట్టు. కొత్త వాషర్ వేసి, మూత మీద మగ్గుతో నీళ్లు పోసి, తీసి లోపలి అంచు తడిసిందేమో చూడు.

కరీంనగర్_బుల్లెట్

ఒక మాట కలుపుతా. మొదటి రెండు ట్యాంకుల పెట్రోల్ అయ్యేదాకా ఫిల్టరు పెట్టు, ఇప్పుడు దాని అవసరం ఉంది. కాగితం ఫిల్టరు కాకుండా లోపల కనపడే సన్న జాలీ ఉన్న చిన్నది. పైపు ఎక్కడా పైకి వంపు తిరగకుండా, ట్యాప్ నుంచి కార్బొరేటర్ దాకా కిందికే వాలుగా ఉండాలి. పైకి వంపు ఉంటే గాలి బుడగ నిలిచి మళ్లీ ఇదే గొడవ. 100 కిలోమీటర్లకోసారి ఫ్లోట్ గిన్నె కింది స్క్రూ వదులుచేసి, పడ్డ పెట్రోల్‌ని తెల్ల గిన్నెలో పట్టి చూడు. ఎర్రపొడి కనపడకపోతే ఫిల్టరు తీసేయొచ్చు. గిన్నె నిండగానే పెట్రోల్‌ని ఆపే ఫ్లోట్ నీడిల్ కొసన తుప్పు రేణువు ఇరుక్కుంటే పెట్రోల్ పొంగి కారుతుంది, అప్పటిదాకా బండి ఆపినప్పుడల్లా ట్యాప్ మూసెయ్యి.

బండి నెల కంటే ఎక్కువ నిలిపితే ట్యాంకు గొంతుదాకా నింపి పెట్టు, లేదా పూర్తిగా వంపి ఆయిల్ తిప్పి పెట్టు. నువ్వు పావు వంతుతో ఆపావు కదా, ఖాళీగా ఉన్న ముప్పావు వంతు గోడకే పగలు వేడికీ రాత్రి చల్లకీ చెమ్మ పట్టింది, పైభాగం అంతా ఎర్రబడింది అందుకే.

కాకినాడ_98సీసీ

మూత రంధ్రం నిజంగానే మట్టితో మూసుకుపోయి ఉంది. శుభ్రం చేశాక ఆన్ మీద నిమిషానికి 260 మిల్లీలీటర్లు, రిజర్వ్ మీద 280. వాషర్ పగిలింది, కొత్తది తెప్పిస్తున్నాను. అది వచ్చేదాకా మూత మీద పాలిథీన్ కట్టి ఉంచుతాను.